పాతబడటం వేరు, చివికిపోవడం వేరు

కొండదారిలో పాత చెక్కవంతెన ఎదురైతే ఎవరైనా ముందు చూసేది దాని రంగు. బూడిదరంగుకు తిరిగి, నెర్రెలు విచ్చి కనిపిస్తే "దీని పని అయిపోయింది" అనుకుంటారు. మొన్నీమధ్యే రంగు వేసినట్టు నున్నగా ఉంటే ధైర్యంగా నడిచేస్తారు. ఈ రెండు అంచనాలూ తప్పే అవకాశం చాలా ఉంది. చెక్కకు వయసు పైబడటం ఒక సంగతి, అది చివికిపోవడం మరో సంగతి. వయసు పైకి కనిపిస్తుంది, దానితో వచ్చే నష్టం తక్కువ. చివుకు మాత్రం చాలాకాలం లోపలే ఉంటుంది, తీరా బయటపడేసరికి పలక విరిగి ఉంటుంది.

బూడిదరంగు సంగతే చూద్దాం. చెక్కలోని పీచుల్ని అతికి ఉంచే జిగురులాంటి పదార్థం లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని లిగ్నిన్‌ను దెబ్బతీస్తాయి. దాన్ని వాన కడిగేస్తుంది, మిగిలిన పీచు వెలిసి బూడిదగా కనిపిస్తుంది. పైన్ లాంటి మెత్తజాతి చెక్కల్లో ఇలా అరిగేది వందేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే. ఎండ ఒక్కటే శత్రువయితే తాతలు వేసిన వంతెన మీద మునిమనవలు కూడా నడవొచ్చు.

అసలు శత్రువు శిలీంధ్రం. దానికి తిండిగా చెక్క ఎలాగూ ఉంది. ఇక కావలసినవి గాలి, కాస్త వెచ్చదనం, తడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాని ఆట సాగదు. గాలినీ వాతావరణాన్నీ ఆపడం ఎవరి తరమూ కాదు కాబట్టి మనిషి చేతిలో ఉన్నది తడి ఒక్కటే. ఎండు చెక్క బరువుతో పోలిస్తే నీటి పాలు 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పట్టదన్నది వాడుకలో ఉన్న లెక్క. 28 నుంచి 30 శాతం దాటితే చెక్క కణాల గోడలు తడితో నిండిపోయి, లోపలి ఖాళీల్లోనూ నీరు చేరడం మొదలవుతుంది. శిలీంధ్రానికి అక్కడి నుంచి పండగే. ఇంగ్లీషులో "డ్రై రాట్" అనే మాట ఒకటి ఉంది, పొడి కుళ్ళు అని. చాలామందిని తప్పుదోవ పట్టించిన పేరు అది. పొడి చెక్కకు కుళ్ళు పట్టదు. కుళ్ళిన చెక్క తర్వాత ఎండి పొడిపొడిగా రాలుతుందంతే.

అయితే తడి ఎక్కువైనా చెక్క బతుకుతుంది. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతంలో 1970లో పీట్ మట్టి (చిత్తడిలో సగం కుళ్ళిన మొక్కలతో ఏర్పడే మట్టి) తవ్వుతుంటే ఒక చెక్కబాట బయటపడింది. దాన్ని స్వీట్ ట్రాక్ అంటారు. చెట్టు వలయాల లెక్క ప్రకారం అందులోని కలపను క్రీస్తుపూర్వం 3807-3806 ప్రాంతంలో నరికారు. రెల్లు పెరిగే బురదనేలను దాటడానికి ఓక్ పలకలు పరిచి వేసిన కాలిబాట అది. అంటే ఇప్పటి ట్రెకింగ్ దారుల్లో కనిపించే చెక్కబాటకు తాతముత్తాతల నాటి రూపం. జనం దాని మీద నడిచింది పట్టుమని పదేళ్ళే అయినా, చెక్క 5,800 ఏళ్ళు నిలిచింది. కారణం, ఆ బురదలో గాలి ఆడదు. పూర్తిగా మునిగిన చెక్కకూ పూర్తిగా ఎండిన చెక్కకూ ప్రమాదం తక్కువ. తడుస్తూ ఆరుతూ ఉండే చెక్కకే చావు.

ఈ మాట పట్టుకుని ఏ వంతెన స్తంభాన్ని చూసినా విషయం తెలిసిపోతుంది. నేలకు బాగా కింద ఉన్న భాగానికి గాలి తక్కువ, పైభాగానికి తడి తక్కువ. రెండూ సమృద్ధిగా దొరికేది నేలను ఆనుకుని ఉన్న జానెడు మేర. అందుకే పాతిన గుంజలన్నీ సరిగ్గా నేలమట్టం దగ్గరే సన్నబడి విరుగుతాయి. నార్వేలో మధ్యయుగాల చెక్క చర్చిలు ఈ పాఠాన్ని తరాలు వెచ్చించి నేర్చుకున్నాయి. మొదట్లో స్తంభాల్ని నేలలో పాతి కట్టిన చర్చిలు మొదలంటా కుళ్ళిపోయాయి. తర్వాతి కాలంలో రాళ్ళు పేర్చి, వాటి మీద పునాది దూలాలు పరిచి, ఆ దూలాల మీద స్తంభాలు నిలిపారు. 1180 ప్రాంతంలో అలా కట్టిన బోర్గుండ్ చర్చి తారు పూత పూయించుకుంటూ ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఆ చెక్కలో మహత్తేమీ లేదు. దాని కాళ్ళు తడవవు, అంతే.

దారిలోని కట్టడాల్లో తడి చేరే చోట్లు దాదాపు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. మొదటిది కోసిన కొస. చెట్టు బతికున్నప్పుడు నీరు కిందినుంచి పైకి ప్రయాణించిన గొట్టాలే చెక్కలోనూ ఉంటాయి. దూలాన్ని అడ్డంగా కోస్తే ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. పక్కల నుంచి కంటే కొసల నుంచి నీరు ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతుంది. వంతెన దూలం మధ్యలో ఉక్కులా ఉండి, గట్టు మీద ఆనిన చివర పిండిలా మారడానికి కారణం ఇదే. గట్టు మట్టి జారి దూలం చివరను కప్పేస్తే ఇక చెప్పనక్కర్లేదు. రెండోది, పలక వచ్చి దూలం మీద ఆనే చోటు. అక్కడ నీరు ఇరుక్కుంటుంది, గాలి తగలదు కాబట్టి ఆరదు. పైగా మేకు దిగిన రంధ్రం నీటిని నేరుగా దూలం గుండెలోకి దింపుతుంది. మూడోది మామూలు చెత్త. పలకల మధ్య ఖాళీల్లో రాలిన ఆకులు, మట్టి చేరి ముద్దగా మారతాయి. నాలుగు రోజుల కింద పడిన వాన ఇంకా ఆ ముద్దలోనే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు చీపురుతోనో పుల్లతోనో ఆ సందులు శుభ్రం చేస్తే కట్టడం ఆయుష్షు ఏళ్ళ లెక్కన పెరుగుతుంది. ఖర్చు లేని పని కాబట్టే కాబోలు, ఎవరూ పట్టించుకోరు.

చెక్క రకం సంగతి తెలుగులో ఒక్క మాటతో తేలిపోతుంది: చేవ. మాను మధ్యలో ముదురు రంగులో ఉండే చేవలో సహజంగానే శిలీంధ్రాలకు గిట్టని పదార్థాలు చేరి ఉంటాయి. చుట్టూ ఉండే తెల్లచెక్కలో అవి ఉండవు. టేకైనా సెడార్ అయినా, ఎంత పేరున్న చెట్టయినా సరే, దాని తెల్లచెక్కకు మన్నిక ఉండదు. దారి పక్కనే కూలిన చెట్టును నరికి, బెరడు కూడా తీయకుండా వేసిన దుంగ వంతెనలు త్వరగా పాడయ్యేది ఇందుకే. బెరడు తడిని పట్టి ఉంచుతుంది, పురుగులకు ఇల్లవుతుంది, దాని కిందున్నది తెల్లచెక్క. చూడటానికి అడవిలో కలిసిపోయినట్టు అందంగా ఉంటుంది గానీ, ఆ అందం కొన్నేళ్ళ ముచ్చటే.

కుళ్ళుల్లోనూ రకాలున్నాయి. తెల్ల కుళ్ళు పట్టిన చెక్క మెత్తబడి పీచుపీచుగా, స్పాంజిలా అవుతుంది. నిత్యం నానే పైభాగాల్లో మెత్త కుళ్ళు నెమ్మదిగా తింటూ పోతుంది. అన్నిట్లోకీ భయపడాల్సింది గోధుమ కుళ్ళుకు. మెత్తజాతి కలపలో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. ఇది లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసి, చెక్కకు లాగుడును తట్టుకునే బలం ఇచ్చే సెల్యులోజ్‌ను తినేస్తుంది. మిగిలేది గోధుమరంగు పెంకు, ఘనాకారపు ముక్కలుగా పగిలేది. ఇందులో మోసం ఏమిటంటే, చెక్క బరువులో పదోవంతు కూడా తగ్గకముందే, ఆకారం చెక్కుచెదరకముందే, దెబ్బకు తట్టుకునే బలం సగానికి పైగా పోవచ్చు. పైకి దూలం దూలంలాగే ఉంటుంది. మంచి చెక్క విరిగేముందు వంగుతుంది, కిర్రుమంటుంది, మనిషికి వెనక్కి అడుగేసే వ్యవధి ఇస్తుంది. ఇది బిస్కెట్‌లా పుటుక్కుమంటుంది. ఇక దూలం పక్కన పుట్టగొడుగు పొడుచుకొచ్చిందంటే కుళ్ళు ఇప్పుడిప్పుడే మొదలైందని కాదు. లోపల మేత చాలాకాలంగా సాగుతోందని అర్థం.

కుళ్ళు ఎంత ఉందన్న దానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఒక చిన్న లెక్క చూస్తే ఇది తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి దుంగ చుట్టూ 2 సెంటీమీటర్ల మేర కుళ్ళిందనుకుందాం. మంచి చెక్క వ్యాసం 16 సెంటీమీటర్లు మిగిలింది. వంపును తట్టుకునే బలం వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51. అంటే రెండు సెంటీమీటర్ల పైకుళ్ళుతో దాదాపు సగం బలం పోయింది. అదే దుంగ నడిమధ్యన 10 సెంటీమీటర్ల డొల్ల ఏర్పడి, పైచుట్టు గట్టిగా ఉంటే, వంపు విషయంలో పోయే బలం 6 శాతం చుట్టుపక్కలే. డొల్ల అనగానే కంగారుపడి, పైన మెత్తబడిన దాన్ని "కొంచెమేగా" అని వదిలేయడం మామూలు. లెక్క చూస్తే కంగారు పడాల్సింది పైన మెత్తబడిన దాని గురించే. అలాగని డొల్లను వదిలేయమని కాదు. ఆ పైచుట్టు ఎంత మందం మిగిలిందో కొలిచి చూస్తేగాని ధీమా పనికిరాదు.

కొలిచే సాధనాలు సాదావే. సుత్తితో కొడుతూ పోతే గట్టి చెక్క ఖంగుమంటుంది, డొల్లయినది డబడబమంటుంది. చెవికి అలవాటు కావాలి, తడిసిన చెక్క శబ్దం మోసం చేస్తుంది కూడా. ఆరతో పొడిచి పైకి లేపి చూడటం మరో పద్ధతి. మంచి చెక్క చిటచిటమంటూ పొడవాటి పేడుగా లేస్తుంది, కుళ్ళినది చప్పుడు లేకుండా పొట్టిగా తెగుతుంది. తేమ మీటరు ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఇంకా అనుమానం తీరకపోతే సన్నని సూదిలాంటి డ్రిల్లును లోపలికి దించి, ఎక్కడ ఎంత నిరోధం వచ్చిందో గీతగా చూపే యంత్రాలున్నాయి. ఇన్ని ఉన్నా తనిఖీ చాలాచోట్ల పైనుంచి నడిచి, ఫొటో తీసుకుని వెళ్ళడంతో ముగుస్తుంది. వంతెన కిందికి దిగి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని దూలాల చివర్లు పొడిచి చూడనిది తనిఖీ ఎలా అవుతుంది?

చెక్కతో పాటు ఇనుమునూ చూడాలి. మేకులు, బోల్టులు తుప్పు పడితే చుట్టూ ఉన్న చెక్క కూడా నల్లబడి బలహీనపడుతుంది. కుళ్ళు పట్టకుండా మందు పట్టించిన కలపతో ఇక్కడ ఒక తిరకాసు వచ్చింది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన పాత మందును ఆర్సెనిక్ భయం వల్ల అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ వాడకపు కలపలోంచి తప్పించారు. బదులు వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ. అది మామూలు మేకుల్ని ఇంకా వేగంగా తినేస్తుంది. చెక్క మన్నుతుంది, దాన్ని పట్టి ఉంచిన మేకు మన్నదు. అందుకే అలాంటి కలపకు మందంగా జింకు పూత ఉన్నవో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలంటారు. ఇంకో సంగతి, మందు చెక్క అంతటా దిగదు. తెల్లచెక్కలోకి బాగా పోతుంది, చేవలోకి అంతగా పోదు. దారి దగ్గరకు తెచ్చాక కొలత కుదరలేదని రంపంతో కోస్తే, మందు తగలని లోపలి చెక్క బయటపడుతుంది. కోసిన ప్రతి చోటా మళ్ళీ మందు పూయాలి. చిన్న పనే గానీ చినుకులు పడుతున్న సాయంత్రం ఎంతమంది గుర్తుపెట్టుకుంటారన్నదే ప్రశ్న.

కట్టడాలు పడిపోవడం గురించి మాట్లాడితే న్యూజిలాండ్‌లోని కేవ్ క్రీక్ ప్రస్తావన రాక తప్పదు. 1995 ఏప్రిల్ 28న పపరోవా నేషనల్ పార్కులో లోయ అంచున ఉన్న వ్యూ పాయింట్ ప్లాట్‌ఫాం కూలి 14 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది విద్యార్థులు. ఆ ప్లాట్‌ఫాం పాతది కాదు, కట్టి ఏడాది దాటిందంతే. చెక్క కుళ్ళలేదు. బోల్టులు బిగించాల్సిన చోట మేకులు కొట్టారు. అర్హత ఉన్న ఇంజనీరు డిజైన్ చేసినది కాదు. ఎంతమంది ఎక్కవచ్చో చెప్పే బోర్డు పెట్టలేదు. క్రమంగా తనిఖీ చేసే కట్టడాల జాబితాలోకి అది ఎక్కనే లేదు. సోమర్‌సెట్ పలకలకు వేల ఏళ్ళు, ఇక్కడ ఏడాది. వయసును బట్టి భయపడేవాళ్ళు ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మేకుకూ బోల్టుకూ తేడా చిన్నదేమీ కాదు. మేకు పీచుల పట్టుతో నిలబడుతుంది. చెక్క తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుపోతూ ఉంటే ఆ పట్టు ఏటేటా సడలుతుంది. దారుల్లో పలకల మీద మేకు తలలు పైకి లేచి ఉండటం అందరూ చూసేదే. బోల్టు చెక్క గుండా అవతలికి పోయి వాషర్‌తో, నట్టుతో పట్టుకుంటుంది. చెక్క కుంచించుకుపోతే నట్టు వదులవుతుంది, మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

రైలింగ్ విషయం మరీ మోసం. మనిషి ఆనుకునేది నేల నుంచి మీటరు ఎత్తున. గుంజను కింద పట్టి ఉంచే రెండు బోల్టుల మధ్య దూరం 15 సెంటీమీటర్లు ఉందనుకుంటే, పైన వేసిన తోపుడు ఆ బోల్టుల దగ్గర ఆరేడు రెట్లవుతుంది. నీరు దిగి నిలిచేదీ సరిగ్గా ఆ మొదట్లోనే. కాబట్టి పాత వ్యూ పాయింట్లలో ముందు నమ్మకం వదులుకోవాల్సింది రైలింగ్ మీద. దాన్ని పట్టుకుని నడవడం వేరు, వీపు ఆనించి పదిమంది గ్రూప్ ఫొటో దిగడం వేరు. జనం అంచుకే చేరతారు, ఒక్కసారే చేరతారు. గుమిగూడే చోట్ల చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేయడం ఇందుకే. పాత చెక్కబాట మీద నడిచేవాళ్ళకు పనికొచ్చే కిటుకు ఒకటుంది: మేకుల వరుస కనిపించే చోట అడుగేయాలి. మేకు ఉందంటే దాని కింద దూలం ఉంది. రెండు వరుసల మధ్య కాలు పెడితే పలక బలం ఒక్కటే దిక్కు. నాచు పట్టిన పలక మీద జారిపడటం వేరే కథ. ఎముకలు విరగడానికి కట్టడం కూలనక్కర్లేదు.

ఒకే రకం చెక్క ఒకచోట ముప్ఫై ఏళ్ళు, మరోచోట ఎనిమిదేళ్ళు ఎందుకు వస్తుందన్న దానికి 1971లో థియొడోర్ షెఫర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక సూచీ తయారుచేశాడు. నెల సగటు ఉష్ణోగ్రత, ఆ నెలలో వాన పడిన రోజుల సంఖ్య తీసుకుని పన్నెండు నెలలకూ కలిపి లెక్కిస్తారు. 35 లోపు వస్తే కుళ్ళు ముప్పు తక్కువ, 65 దాటితే ఎక్కువ. గమనించాల్సింది, ఇందులో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందన్నది లెక్కలోకి రాదు, ఎన్ని రోజులు పడిందన్నదే వస్తుంది. ఒక్క రోజు కుండపోత కన్నా వారం రోజుల ముసురు చెక్కకు ఎక్కువ చేటు. నేలకు పైన ఉండే చెక్కకే ఈ సూచీ వర్తిస్తుంది.

చెక్క బదులు ఇంకేదైనా వేయొచ్చు కదా అంటే, వేస్తున్నారు. స్టీలు, ఫైబర్‌గ్లాసు, రీసైకిల్ ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ప్లాస్టిక్ కుళ్ళదు గానీ ఎండకు మెత్తబడి వంగుతుంది, ఎక్కువ దూలాలు కావాలి. రోడ్డు లేని కొండ మీదికి మోయాల్సిన బరువు, మోశాక అక్కడే బాగుచేయగలిగే వీలు చూసుకుంటే చెక్కకు ఇంకా చోటుంది.

పాత కట్టడాన్ని నిలబెట్టాలా, అడవికి వదిలేయాలా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గ్రీన్ మౌంటెన్ శిఖరం మీద కార్చిచ్చును కనిపెట్టే చెక్క గది ఒకటుంది. 1933లో నిరుద్యోగ యువకులకు పని కల్పించే సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కట్టింది. అది పాడైపోతే విప్పదీసి, బాగుచేసి, 2009లో హెలికాప్టర్లతో సామాను చేరవేసి మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండ మనుషుల జోక్యం లేకుండా వదిలేయాలని చట్టం చెప్పే రక్షిత అడవిలో ఉంది. దాంతో కేసు పడింది. 2012లో ఆ గదిని తీసేయాలని కోర్టు చెప్పింది, 2014లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి దాన్ని అక్కడే ఉండనిచ్చింది. రెండు పక్షాల మాటలోనూ న్యాయం ఉంది. కాకపోతే "చరిత్ర" అని పేరు పెట్టి బాగుచేయకుండా, "ప్రకృతి" అని పేరు పెట్టి తొలగించకుండా, జనం ఎక్కేలా వదిలేసిన కట్టడాలకు మాత్రం ఏ న్యాయమూ లేదు. అలాంటివే ఎక్కువ.

జపాన్‌లోని ఒజె చిత్తడి మైదానాల్లో ఈ పేచీ లేదు. అక్కడ నడిచేవాళ్ళ కాళ్ళ కింద పీట్ నేల నలిగి, మొక్కలు చచ్చి, మట్టి తేలిన చోట్లు ఏర్పడ్డాయి. చెక్కబాట దిగి నేల మీద అడుగు పెట్టకూడదన్న నియమం అందుకే. ఇప్పుడు అక్కడి చెక్కబాటలన్నీ కలిపితే 60 కిలోమీటర్లు దాటుతాయి. తడి, మంచు, ఎండ మార్చి మార్చి తగిలే చోటది, లార్చ్ పలకలు పదేళ్ళు వస్తే గొప్ప. ఆ సంగతి ముందే ఒప్పుకుని, విరిగేదాకా ఆగకుండా, ఏటా కొంత మేర పాతవి తీసి కొత్తవి వేస్తారు. సామాను హెలికాప్టర్‌లో వస్తుంది. అక్కడి పలకల్లో చాలావాటి మీద వేసిన సంవత్సరం కాల్చిన ముద్రగా కనిపిస్తుంది. తన కాలి కింది చెక్క వయసెంతో నడిచేవాడే తల వంచి చదువుకోవచ్చు.